చుక్క వైన్ లేని పుంజు కూర

బోన్, సోమవారం

అమ్మా, మేం కులాసా. మీ అల్లుడు రెజీ తాగుడు మాని ఏడు నెలలైంది. అందుకే నిన్న ద్రాక్షకోత ముగింపు విందులో, ఎప్పుడూ వైన్‌లో ఉడికే పుంజును ఎవరికీ చెప్పకుండా ద్రాక్షరసంలో వండాను. మామగారు ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"మన పైతోట వైనే! ఏ ఏడాదిదో కూడా చెప్తాను" అన్నారు.

ఖాళీ రసం సీసా తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను.

"తాతలనాటి తోట పరువు తీశావు కదమ్మాయ్!"

"సీసా నాదే, నాలుక మాత్రం మీదే కదా మామయ్యా!" అన్నాను.

అప్పట్నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. మానేస్తే మానేయనీ. నాన్న మోకాలు ఎలా ఉంది? ఎండు పుట్టగొడుగులు పంపు, వచ్చే ఆదివారమూ ఇదే వండుతాను. రెజీ మారు వడ్డించుకున్నాడమ్మా. గరిటె పట్టిన చెయ్యి వణకలేదు.

అందరికీ ముద్దులతో,
సొలాంజ్