లిఫ్టు బోర్డు

విభూతి బుధవారం, పటమట

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, ఈస్టరు ముందు ఉపవాసాల ఈ నలభై రోజులూ నేను మిర్చి బజ్జీ ముట్టను. మా ఆవిడకు చాటుగా కూడా ముట్టను.

ఉదయం చర్చిలో పూజ నుంచి విభూతి నుదురుతో వచ్చేసరికి కరెంటు లేదు. మెట్లెక్కుతుంటే మూడో అంతస్తులో, మా ఇళ్ళన్నీ ఊడ్చే శాంతమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. కరెంటున్నా ఆమెకు మెట్లే. ‘పనివాళ్ళు లిఫ్టు ఎక్కరాదు’ అని బోర్డు పెట్టించింది మా అపార్టుమెంటు సెక్రటరీ శౌరయ్య గారు. ఆ మీటింగులో సరేనని చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

తిన్నగా ఆయన గుమ్మంలోకి వెళ్ళాను.

“మీరు సాయంత్రం పూజకేగా? లిఫ్టు బోర్డు పెట్టినోళ్ళకి విభూతి పెట్టనని ఫాదర్ గారు పొద్దున ప్రసంగంలో చెప్పారండీ.”

“నా పేరు పెట్టి అన్నారా?”

“పేరెందుకండీ, చూపంతా మీరు కూర్చునే బెంచీ మీదే.”

“నీ నోట మంచిమాట రాదురా!” అంటూనే ఆయన స్క్రూడ్రైవర్ వెతుక్కున్నారు.

మధ్యాహ్నం శాంతమ్మ లిఫ్టులోంచి దిగి, “అయిదో అంతస్తు ఇంత తొందరగా వచ్చేసిద్దా అన్నయ్యా!” అని నవ్వింది. నాకు కడుపు నిండిపోయింది.

నేను చెయ్యెత్తిన సంగతి శుక్రవారం ఫాదర్ గారి దగ్గర ఒప్పుకోవాలి. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. పొద్దున ఆయన లిఫ్టు ఊసే ఎత్తలేదు. ఆ మాట మొత్తం నేనే కల్పించాను.