కింది నుంచి చదివిన లిస్టు

అక్కా, కంగారు పడకు, మేనకోడలికి కంప్యూటర్ ఇంజనీరింగులో సీటొచ్చింది.

ఇవాళ పొద్దున్నే యూనివర్సిటీకి వెళ్లి గోడకంటించిన లిస్టు చూశాను. ర్యాంకుల వరసలో అరవై పేర్లు. ప్రెస్సులో ప్రూఫులు కింది లైను నుంచి పైకి దిద్దే అలవాటు కదా, అరవైతో మొదలుపెట్టాను. ఇరవై దాకా దాని పేరు లేదు. అంతకంటే పైన మన పిల్ల ఎక్కడుంటుందిలే అని మానేసి, నీకేం రాయాలో తెలీక మెట్ల మీద కూలబడ్డాను. వాచ్‌మన్ వచ్చి, "పైదాకా చూశావా పెద్దాయనా?" అని రెక్క పట్టుకుని లాక్కెళ్లాడు. నాలుగో పేరు మనదే!

వచ్చే నెల ఐదులోగా ఒరిజినల్ సర్టిఫికెట్లతో దాన్ని పంపు. చదువు మానేసి నీ పక్కన కుట్టుపనికి కూర్చుంటానంటోందన్నావు, ముందు ఆ కత్తెర లాగేసుకో. బావ నడుంనొప్పి తగ్గిందా? నా గొడుగు మీ ఇంట్లోనే ఉండిపోయింది, దాని చేతికిచ్చి పంపు.

లిస్టు సగంలో వదిలేసిన సంగతి దానికి చెప్పొద్దని రాయబోయాను. కానీ మీ ఇంట్లో ఈ కార్డు ముందు చదివేది అదేగా. తప్పయిందే తల్లీ, చల్లగా ఉండు. ఇకమీదట నీ పేరు పైనుంచే వెతుకుతాను.

మామయ్య