చివరి పోగు ముందు తీయాలి

నవంబర్ 17

మళ్ళీ శోభే ఫస్ట్. నేను సెకండ్. ఆగస్టులో లేటుగా చేరిన పిల్ల! మ్యాథ్స్ చెప్పే చిన్నప్ప సార్ నా పేపర్ నా మీదికే విసిరి, శ్వేతా, ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి రోజూ బస్సెక్కి వచ్చేది ఊరికేనా, ఆ గోనెగండ్ల పిల్లను సూసి సిగ్గు తెచ్చుకో అన్నాడు. క్లాసంతా నవ్వింది. శోభ నవ్వలేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

టెన్త్ దాకా నా పైన ఒక్క పేరు లేదు.

నవంబర్ 20, సాయంత్రం

అమ్మ నేస్తున్న చీర అంచులో తప్పు పడింది. విప్పమని నన్ను మగ్గం ముందు కూర్చోబెట్టింది. ఓపిక లేక మధ్యలో పోగు పట్టి లాగాను. అంతా చిక్కు. నెత్తిన ఒకటి వేసి, చివర నేసిన పోగు ముందు తీయాలే, మొదట నేసింది ఆఖర్న వస్తాది, యాడ సూస్తాండావు అని తిట్టింది.

అప్పుడు వెలిగింది. ఇన్వర్స్ ఫంక్షన్ కూడా అంతే. 2x+3 అంటే ముందు రెండుతో గుణించి, తర్వాత మూడు కలిపాం. వెనక్కి రావాలంటే ముందు మూడు తీసేయాలి, ఆ తర్వాతే రెండుతో భాగించాలి. జూలై నుంచి బట్టీ పట్టింది ఇప్పుడు అర్థమైంది. ఎంత సంతోషమో.

నవంబర్ 24

వచ్చే సోమవారం ఫంక్షన్స్ టెస్ట్. సగం పేపర్ ఇన్వర్సే అట. దీన్నిబట్టే ఫస్ట్ బ్యాచ్. ఆ బ్యాచ్ వాళ్ళకే ఫ్రీ హాస్టల్.

మధ్యాహ్నం శోభ వచ్చి నా పక్కన కూర్చుంది. తను చేరేసరికే ఆ చాప్టర్ అయిపోయింది, ఇన్వర్స్ అస్సలు రాదు, నువ్వే సెప్పాల అంది. హాస్టల్ పోతే వాళ్ళ నాయన మద్దిలేటి తనను సుగ్గికి తీసుకుపోతాడట, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి. ఊళ్ళో సగం ఇళ్ళకు అప్పుడే తాళాలట. సుగ్గికి పోయిన పిల్లోళ్ళు మల్లా సదువుకొచ్చింది నేను సూడల్యా అంది.

రేపు చెప్తానన్నాను.

నవంబర్ 25

చెప్పాను. ముందు చేసింది ముందే విప్పాలి, తర్వాత చేసింది తర్వాత అని చెప్పాను.

ఉదాహరణ కూడా చూసి చూసి ఇచ్చాను. xకి రెండు కలుపు, తర్వాత మూడు కలుపు. వెనక్కి వచ్చేటప్పుడు ముందు రెండు తీసెయ్, తర్వాత మూడు. వట్టి కూడికల్లో ఏది ముందు తీసినా ఒకటే కదా. సరిచూసుకుంది. x వచ్చేసింది. ఇంత సులువా శ్వేతా అని నా చెయ్యి పట్టుకుంది. తన జొన్నరొట్టెలో సగం తుంచి పెట్టింది. తిన్నాను.

గుణకారం ఉన్న లెక్క ఒక్కటీ చేయించలేదు.

నవంబర్ 26

నిద్ర బాగానే పట్టింది.

డిసెంబర్ 3

ఫస్ట్ నేనే.

శోభవి ఇన్వర్స్ లెక్కలన్నీ తప్పు. సార్ ఆ పేపర్ ఎత్తి అందరికీ చూపించి, సుగ్గికి పోమ్మా, ఆడ ఎవురూ ఇన్వర్స్ అడగరు అన్నాడు. అందరికంటే ముందు నేనే నవ్వాను.

బయటికొచ్చాక నన్ను నిలదీస్తుందని భయపడి చచ్చాను. లేదు. నేనే వరస మరిచినట్లుండాది అంది.

డిసెంబర్ 8

మద్దిలేటి వచ్చి హాస్టల్ నుంచి పెట్టె మోసుకుపోయాడట. శోభ కూర్చునే కిటికీ పక్క సీటు ఇప్పుడు నాది. ఎండ బాగా వస్తుంది.

డిసెంబర్ 12

సార్‌కు చెప్పేస్తేనో అనిపించింది. చెప్తే శోభ తిరిగొస్తుందేమో. వస్తే మళ్ళీ సెకండే.

అయినా విప్పాలంటే చివర చేసినదాంతో మొదలుపెట్టాలి. చివర నేను చేసింది నవ్వడం. దాన్నెలా విప్పేది? వదిలేశాను.

జనవరి 29

మిరప చేలోంచి శోభ ఫోన్. చేతులు ఒకటే మంటలట. వచ్చే ఏడు మళ్ళీ చేరతానని నాయన్ను ఒప్పించిందట. నువ్వు సెప్పినప్పుడు సరిగ్గానే వస్తాండె, పరీక్షలో నేనే యాడో తప్పినా, ఇంగోసారి సెప్పు శ్వేతా అంది.

చెప్పాను. అదే వరసలో.