అత్తమ్మ కాపలా కాసిన కోట

పటాన్‌చెరు,
మే 2004

తమ్ముడా లింగం,

నెట్‌ల ఉచితంగా దొరికినయని నువ్వు ప్రింటు తీసి పంపిన మూడు ఆటలూ పూర్తిగా చదివిన. ఒక్కొక్కరు ఒక్కో వేషం అనుకుని, కూర్చున్న చోటనే మాటలతోని కథ నడిపించుడు నాకు నచ్చింది. మొదటి ఆటకు ఇరవై ముఖాల పాచిక కావాలట, అది ఇక్కడ ఏ దుకాణంల లేదు. రెండోది అంతా కొట్లాటే, అది మా ఇంట్ల ఆట లేకుండానే ఉన్నది. మూడోది మాట్లాడుకోకుంటే ముందుకు పోదు, గవ్వలతోని కూడ ఆడొచ్చు. అందుకే దాన్ని ఎంచుకున్న.

మా తోటికోడలు సుమిత్ర వేరు వంట పెట్టుకున్నప్పటి నుంచి అత్తమ్మ ఆమెతోని మాట్లాడుతలేదు కదా. ఆదివారం ఇద్దరినీ పిల్లలతోని కలిపి ఆటకు కూర్చోబెట్టిన. అత్తమ్మ కోటకు కాపలా, సుమిత్ర లోపలికి దూరాల్సిన దొంగ.

సుమిత్ర తల దించుకుని, "శాన దూరం నుంచి వచ్చిన, జెర తలుపు తియ్యుండ్రి" అన్నది.

అత్తమ్మ ఆమె దిక్కే చూసి, "మొఖం గట్ల గుంజుకపోయిందేందే? తిన్నవా లేదా? లోపలికి రా, ఇంత తిని పో" అన్నది.

"బాపమ్మా, చిన్నమ్మ దొంగ!" అని పిల్లలు మొత్తుకున్నరు.

"దొంగకు ఆకలి కాదారా?" అన్నది అత్తమ్మ.

అట్ల కోట దొంగ పాలైంది. ఆ పూట సుమిత్ర మా పొయ్యి మీదనే రొట్టెలు చేసింది.

వచ్చే ఆదివారం మళ్ళ ఆడుతం. కాపలాకు అత్తమ్మనే పెడుతం.

ఇట్లు,
అక్క