వాకిట్లో కావలి చేప

మన ఇల్లు, కంబదూరు మండలం
13 ఏప్రిల్ 2025, ఆదివారం

ఎప్పుడూ నా పక్షానే ఉండే తిప్పేషన్నకు,

ఈ రోజు పొద్దున జరిగిన మొదటి వింత ఏమిటంటే, మన నాయన నీ చేపల తొట్టిని కాపాడడానికి పరుగెత్తాడు.

అమ్మ వాకిలి ఊడుస్తోంది. నాయన గడప మీద కూర్చొని కాఫీ తాగుతున్నాడు. లోపలి నుంచి టప్పుమని ఒక శబ్దం వచ్చింది. నాయన గ్లాసు పక్కన పెట్టి, భుజం మీది టవలు తీసి లోపలికి వెళ్ళి, దాన్ని తొట్టి అద్దానికి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. "అద్దం నెర్రె ఇచ్చింది జ్యోతీ, బకెట్ తే" అన్నాడు. నేను బకెట్ తేకుండా నవ్వుతూ నిలబడ్డాను. పగిలింది అద్దం కాదని, నీ రొయ్య తన పెద్ద చేతిని చిటికేసినట్టు మూసి పిస్తోలు పేల్చిందని చెప్పాను. ఆయన టవలు తీయకుండానే, "చిటికెనవేలంత లేదు, దానికంత సద్దా?" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు అక్కడే ఉన్నాడు. గడప దగ్గర కాఫీ చల్లారిపోయింది.

నువ్వు బెంగళూరుకు తిరిగిపోయినప్పటి నుంచి నాయన ఆ గదిలోకి వస్తే తొట్టికి వీపు పెట్టి కూర్చునేవాడు. అందుకే ఈ సంగతి నీకు వెంటనే చెప్పాలనిపించింది. ఫోన్లో చెప్పొచ్చు. కానీ ఫోన్లో నాయన పేరెత్తితే నీకు సిగ్నల్ పోతుంది. అంత పెద్ద ఊళ్ళో, నువ్వు పనిచేసే చేపల అంగడి నడిబజారులో ఉండగా, సరిగ్గా ఆ మాట దగ్గరే సిగ్నల్ ఎలా పోతుందో నాకు తెలియదు. ఉత్తరాన్ని మాత్రం మధ్యలో కట్ చేయలేవు. మా తెలుగు మేడం లక్ష్మీదేవమ్మ గారు కూడా ఈ సెలవుల్లో ఎవరికైనా నిజమైన ఉత్తరం రాయమన్నారు. ఇన్ని రోజులు ఎవరికి రాయాలా అని వెతికాను. నువ్వు ఉండగా వెతకడమేమిటో!

నాయన ఏం చూశాడో చెప్తాను. రొయ్య తన గుంతలోంచి ఇసుకను ముందుకు తోసుకుంటూ వచ్చింది. దానికి చూపు అంతంత మాత్రమే కదా, పొడుగాటి మీసం ఒకటి దాని గుంతలోనే కాపురముండే పసుపు చేప ఒంటి మీద ఆనించే ఉంచింది. చేప ఆ గుంత వాకిట్లో కూర్చొని నాలుగు దిక్కులూ చూస్తోంది. నాయన కొంచెం ముందుకు వంగగానే తోక ఆడించింది. అంతే, రొయ్య ఇసుకను అక్కడే వదిలేసి లోపలికి దూరింది, దాని వెనకే చేప. నాయన రెండడుగులు వెనక్కి జరిగి, అవి మళ్ళీ బయటికి వచ్చేదాకా ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు. వేరుశనగ చేలో అడవిపందులు పడకుండా కాపలా కాసే మనిషి, కదలకుండా ఉండడం ఆయనకు వచ్చు. చేపకు "కావలోడు" అని పేరు పెట్టాడు. గోబీ అనే అసలు పేరు అమ్మకు మొదటి నుంచీ నచ్చలేదు. వింటే మంచూరియా గుర్తొస్తుందట.

అమ్మ చీపురుతోనే వచ్చి ఇద్దరినీ, అంటే చేపనూ నాయననూ, చూసింది. "ఒకరు ఒళ్ళొంచి తవ్వుతాంటే ఇంకొకరు వాకిట్లో కూర్చోని చూస్తాండారు. మా ఇంట్లోనే ఇట్లనుకుంటి, సముద్రంలో గూడా ఇంతేనా" అంది. నాయన చీపురు తీసుకొని మిగిలిన వాకిలి ఊడ్చాడు.

ఆ రెండింటి సంబంధానికి సరిపోయే మాట కోసం చాలా వెతికాను. స్నేహం అంటే చాలదు. సాయం అంటే ఒకవైపు నుంచే ఉన్నట్టుంది. చివరికి పెళ్ళి పత్రికల్లో కనిపించే "అన్యోన్యం" దొరికింది. ఇల్లు ఒకరిది, చూపు ఒకరిది. ఆ మాటకు అంత లోతుందని నాకు ఇప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు నువ్వు కట్ చేసే సంగతి. జనవరిలో నాయన, తొట్టి కోసం నువ్వు కలిపిన ఉప్పునీళ్ళ బకెట్‌ను తన్నినప్పుడు నేను తలుపు వెనక ఉన్నాను. నువ్వు అన్నం తట్ట అలాగే వదిలి సంచి సర్దుకోవడం కూడా చూశాను. కళ్యాణదుర్గంలో చేపల అంగడి పెట్టాలన్న నీ ఆశను ఆయన వాకిట్లో పారబోశాడని నువ్వు అనుకున్నావు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ నీళ్ళు పడినచోట కరివేపాకు మొక్క ఎండిపోయింది. నాయన దాన్ని ఇంకా పీకేయలేదు. రోజూ దాని పక్క నుంచే పోతాడు, వస్తాడు. ఎందుకు ఉంచాడో అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు. అది నువ్వే అడగాలి, అదీ ఈ ఇంట్లో నిలబడి.

నీ తొట్టికి ప్రస్తుతం కావలి ఉన్న చెల్లెలు,
అరుణజ్యోతి


మన ఇల్లు
24 ఏప్రిల్ 2025, గురువారం

అన్నా,

ఈ ఉత్తరంలో చేతిరాత నాది, మాటలు నాయనవి. మొదట ఆయన చెప్పినదాన్ని పుస్తకాల తెలుగులోకి దిద్ది రాశాను. చదివి వినిపించమన్నాడు. విని, "ఇది నేను కాదు, ఎవరో కలెక్టరు. నా మాట నా మాదిరే రాయి, లేకుంటే వాడు నమ్మడు" అన్నాడు. అది పక్కన పడేసి మళ్ళీ మొదలుపెడుతున్నాను.

ముందు జరిగింది నేను చెప్పాలి. కళ్యాణదుర్గంలో మాకు వేసవి క్లాసులు మొదలయ్యాయి. నేను లేనప్పుడు తొట్టిని నాయన చూసుకుంటున్నాడు, ఎవరూ అడగకుండానే. ఈ ఎండలకు నీళ్ళు రోజూ కొంచెం దిగిపోతాయి. మన ఊళ్ళో నీళ్ళు దిగిపోవడాన్ని చూస్తూ ఎవరు ఊరుకుంటారు? చెంబుతో క్యాను నీళ్ళు పోశాడు. సముద్రపు జీవాలకు చప్పటి నీళ్ళు పోస్తే ఎట్లా అని, చెంబు చెంబుకూ గుప్పెడు కల్లుప్పు వేశాడు. ఎండకు పోయేది నీళ్ళు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది, కాబట్టి తగ్గిన మేరకు ఒట్టి మంచినీళ్ళే పోయాలని నువ్వు నాకు చెప్పావు. ఆయన పోస్తున్నాడని తెలియక నేను ఆయనకు చెప్పలేదు. ఉప్పు కొలిచే ముల్లు పైకెక్కి ఉండడం చూసి అడిగితే బయటపడింది. తొట్టిలోంచి కొంత తోడి, మంచినీళ్ళు మెల్లమెల్లగా పోసి, ముల్లును దించాను. కావలోడు బాగానే ఉన్నాడు. రొయ్య మాత్రం కనిపించలేదు.

నిన్న సాయంత్రం గుంత పక్కన దాని ఒళ్ళు నాయనకే దొరికింది. కాళ్ళు, మీసాలు, పిస్తోలు చెయ్యి, అన్నీ ఉన్నాయి. లోపల ఏమీ లేదు. నత్త మీద ఉప్పు చల్లితే కరిగినట్టు కరిగిపోయిందన్నాడు. నాకూ అలాగే అనిపించింది. దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి దాచాడు. నీకు ఫోన్ చేస్తానంటే, చేసినవాడే చెప్పాలన్నాడు. ఇక ఆయన మాట:

"రేయ్ తిప్పేషూ, మీ నాయన్ని. పాప రాస్తాంది, నేను చెప్తాండా. నీ రొయ్య పోయింది. నేను పోసిన ఉప్పుకే పోయింది. మీ అమ్మ మీద పెట్టుకోవద్దు, చెంబు నా చేతిలోనే ఉణ్ణింది.

ఆ పొద్దు బకెట్ తన్నింది గూడా నేనే. ఆ పొద్దే మన బోరు రెండు దెబ్బలు బురద కక్కి నిల్చిపోయింది. చేని కాడ నిలబడి చూసి చూసి ఇంటికొస్తి. వస్తే నువ్వు తాగే నీళ్ళలో ఉప్పు కలుపుతాంటివి. కాలు నాది, కోపం మాత్రం బోరు మీదిది. నీ మీద కాదు. ఆ మాట ఆ పొద్దే చెప్పింటే సరిపోతాండె. నోరు రాలేదు. నువ్వు తినకుండా పోతివి. నేను గూడా ఆ దినం తినలేదు, ఆ సంగతి మీ అమ్మకు తెల్దు."

(అమ్మ పక్కనే వక్కలు కత్తిరిస్తోంది. "తెలుసులే, రాయి" అంది.)

"ఆ కరివేపాకు మొక్కను పీకలేదు. చూసినప్పుడంతా బుద్ధి రావాలని పెట్టుకున్నా. ఇప్పుడు చూడు, మళ్ళీ ఉప్పుతోనే ఇంకో ప్రాణం తీసినా. కావలోడు గుంత కాడ్నే కూర్చోని ఉండాడు. ఎవరి కోసం కావలి కాస్తాండాడో ఏమో. నాకు చూసేకి అయితా లేదు. ఇంకో రొయ్యను తే. పార్సిల్ పంపొద్దు. నువ్వే పట్టుకోని రా. అంగడి సంగతి గూడా మాట్లాడుకుందాము. అంతే. ఇంక చెప్పేకి రాదు నాకు."

ఇట్లు
మీ నాయన గంగాధరప్ప

(సంతకం ఆయనదే. మూడో అక్షరం దగ్గర ఆగి, కళ్ళు తుడుచుకొని, చెమట అన్నాడు.)


మన ఇల్లు
27 ఏప్రిల్ 2025, ఆదివారం

బంగారు అన్నా,

ఈ రోజు మొదటి వింత రెండు మీసాలు.

గురువారం రాసిన ఉత్తరాన్ని నాయన ఇన్నాళ్ళూ పోస్టు చేయనివ్వలేదు. ఇంకొక్కసారి వెతుకుదాం అంటూ రోజూ కడ్డీతో కాకుండా కళ్ళతోనే తొట్టి మూలమూలా వెతికాడు. ఈ పొద్దున నేను గింజలంత మేత వేయడానికి వెళ్ళాను. కావలోడు ఎప్పటిలాగే వాకిట్లో ఉన్నాడు. వాడి వెనక చీకట్లోంచి సన్నటి మీసం ఒకటి వచ్చి వాడి నడుమును తాకింది. తర్వాత రెండోది. తర్వాత ఇసుక కుప్పను తోసుకుంటూ రొయ్య. ముందుకంటే కొంచెం పెద్దదిగా, చారలు కొత్తగా వేసినట్టుగా ఉంది. నేను కేక వేయలేదు. వేస్తే అవి లోపలికి పోతాయి. వెళ్ళి నాయన చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాను.

చచ్చింది కాదన్నా, కుబుసం విడిచింది. నువ్వు ఈ మాట చదువుతూ "మొద్దూ, నన్ను అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవాడిని కదా" అని నెత్తి కొట్టుకుంటున్నావని తెలుసు. పాము విడిచిన కుబుసం చేని గట్టు మీద ఎన్నిసార్లు చూశాను! ఆ మాట కూడా నాకు వచ్చు. వచ్చిన మాటను రొయ్య దగ్గరికి తీసుకుపోవడం మాత్రం చేతకాలేదు. పాత ఒళ్ళు వదిలాక కొత్త ఒళ్ళు గట్టిపడేదాకా లోపల దాక్కొని ఉండాలి కదా. అన్ని రోజులూ కావలోడు కాసింది ఖాళీ గుంత కాదు. మెత్తటి ఒంటితో, ఎవరు ముట్టినా పోయే స్థితిలో ఉన్నదాన్ని కాశాడు. మనకే తెలియలేదు.

నాయన నేల మీద కూర్చుండిపోయి, అగ్గిపెట్టె తెరిచి లోపలి కుబుసాన్నీ తొట్టిలోని రొయ్యనూ మార్చి మార్చి చూశాడు. అమ్మ వచ్చి, "ఈ ఎండలకు తట్టుకున్నాంక నీ గుప్పెడు ఉప్పుకు పోతాదా అది" అంది. నాయన నవ్వాడు. జనవరి తర్వాత ఆయన నవ్వు వినడం ఇదే మొదలు, అచ్చం నీ నవ్వే.

ఆ తర్వాతే కష్టం వచ్చింది. కాఫీ తాగి, ఆ ఉత్తరాన్ని చింపెయ్యమన్నాడు.

"అది బతికే ఉండాది కదా. ఇంక ఆ మాటలు యాల?"

చిన్నప్పటి నుంచి నాయన చెప్పిన పనిని చేయకుండా ఉన్నది లేదు. కాగితం చేతిలోకి తీసుకున్నాను కానీ చింపడానికి వేళ్ళు రాలేదు. చివరికి అడిగాను.

"బకెట్ తన్నిన మాట గూడా రొయ్య చచ్చిందని మాత్రమే చెప్పిన మాటనా, నాయనా?"

ఆయన బయటికి వెళ్ళి కరివేపాకు మొక్క దగ్గర కూర్చున్నాడు. అమ్మ నన్ను అటు పోవద్దని కళ్ళతోనే ఆపింది. తర్వాత వచ్చి, నా వైపు చూడకుండా, "రేపు కంబదూరికి పోతాండా, పోస్టుకేసేది ఏమన్నా ఉంటే ఇయ్యి" అన్నాడు.

కాబట్టి, అన్నా, ఇలా చేస్తున్నాను. ఈ కాగితాన్నీ గురువారం నాటి కాగితాన్నీ ఒకే కవరులో పెట్టి, అంటించకుండా, నాయన రేపు వేసుకునే చొక్కా పక్కన పెడుతున్నాను. ఆయన మాటలు ఆయనవి. తీసేయాలనుకుంటే తీసేయవచ్చని ఆయనకే చెప్పాను. ఇప్పుడు నీ చేతిలో ఆయన సంతకమున్న కాగితం కూడా ఉంటే, దాన్ని లోపల ఉంచి కవరు అంటించింది నేను కాదని తెలుసుకో. ఆ తర్వాత ఏం చేయాలో నీకు చెప్పే అంత పెద్దదాన్ని కాను. కొత్త రొయ్య అవసరం లేదు. ఊరికే రావచ్చు.

రేపు పొద్దున మొదటి బస్సుకు నాయన పోతాడు. నేను వెంట పోను. తొట్టిలో తగ్గినంత మేరకు మంచినీళ్ళు, ఉప్పు లేకుండా, పోసి, గడప మీద కూర్చొని ఆయన తిరిగివచ్చే దారి చూస్తాను.

నీ
జ్యోతి