ఆ హ్యాండ్‌బ్యాగు మాత్రం తేకు

భువనా,

ఫోన్లో చెబితే నవ్వి కొట్టిపారేస్తావని రాస్తున్నాను. వచ్చే నెల సింగపూర్ వచ్చేటప్పుడు నీ పిస్తోలు హ్యూస్టన్‌లోనే పెట్టి రా. అది వెంట తెచ్చేంత పిచ్చిదానివి కాదని తెలుసు. కానీ అది పెట్టుకునే బ్యాగు అడుగున ఒక్క బుల్లెట్ మిగిలిపోయినా ఇక్కడ కేసే. అందుకే అసలు ఆ హ్యాండ్‌బ్యాగే తేకు. నీకోసం లిటిల్ ఇండియాలో ఇంకొకటి కొని ఉంచాను.

మీ షాపులో దొంగలు పడ్డాక రెండు బుల్లి పిస్తోళ్లు అరచేతిలో పెట్టుకుని ఫోటోలు పంపావు. "అక్కా, ఏది నా చేతికి సరిపోయింది? బ్యాగులో ఉబ్బెత్తుగా కనపడకూడదు" అన్నావు. గాజుల కొట్లో కూడా నువ్వు అచ్చం అలాగే అడిగేదానివి. చిన్నదే బాగుందన్నాను. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

పోయినేడాది మీ ఇంటికి వచ్చినప్పుడు చూశాగా, అన్నం తినేటప్పుడు కూడా ఆ బ్యాగు నీ ఒళ్లోనే ఉంది.

ఇక్కడ చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాట్ కిందే హాకర్ సెంటర్, అన్నీ తిండి కొట్లే. జనం చోటు పట్టుకోడానికి ఖాళీ టేబుల్ మీద బ్యాగో గొడుగో పడేసి, తిండి తెచ్చుకోడానికి లైన్లోకి వెళ్లిపోతారు. చోప్ చేయడం అంటారు దాన్ని. ఎవరూ ముట్టుకోరు. మొదటిరోజే నిన్ను అక్కడికి తీసుకెళ్తాను. కొత్త బ్యాగు టేబుల్ మీద వదిలేసి, ఉత్త చేతులతో నా పక్కన లైన్లో నిలబడాలి నువ్వు.

మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తావని తెలుసు. చూసుకో, ఏమీ అనను. చెయ్యి మాత్రం నా చేతిలోనే ఉంచు.

మీ అక్క