రాజదండం లేని ఫొటో

ఏమయ్యా,

రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన పాత రాజు బొమ్మ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నావు, గుర్తుందా? ఆయన రాజదండం పట్టుకున్నట్టే నువ్వూ చేతికర్ర పట్టుకుని ఫొటో దిగావు. ఆ కర్ర రుచి నా వీపుకు బాగా తెలుసు.

రేపు నీ సంవత్సరీకం. ఫొటో పెద్దది చేయించడానికి నాంపల్లిలో స్టూడియోకి వెళ్లాను.

"కర్ర తీసెయ్యి బిడ్డా," అన్నాను.

"ఎందుకమ్మా, ఉండనియ్యి. సారు రాజు లెక్క కూసున్నడు," అన్నాడు స్టూడియో అతను.

"గందుకే తియ్యమంటున్న."

కంప్యూటర్‌లో తుడిచేశాడు. ఇంటికొచ్చి రాజును దించి, అదే మేకుకు నిన్ను తగిలించాను. కర్రను డాబా మీద బీరతీగకు ఊతంగా పాతాను.

దండ వేస్తుంటే చూశాను. నీ పిడికిలి ఇంకా బిగిసే ఉంది, పట్టుకోవడానికి ఏమీ లేకపోయినా.